చేతుల కన్నా ముందు కాళ్లు

గోడ మీద పెద్ద గడియారం. దాని ఎదురుగా 9 మంది. ముగ్గురు రోయింగ్ మెషిన్ల మీద కూర్చుని గొలుసు పిడి లాగుతుంటారు. ముగ్గురు ఇనుప బార్‌ని భుజాల మీంచి తలపైకి ఎత్తుతుంటారు. మిగిలిన ముగ్గురు అటూ ఇటూ నడుస్తూ ఊపిరి కూడదీసుకుంటుంటారు. నిమిషం కాగానే గడియారం కూస్తుంది. మెషిన్ దిగినవాళ్లు బార్ దగ్గరికి, బార్ వదిలినవాళ్లు విశ్రాంతికి, విశ్రాంతిలో ఉన్నవాళ్లు మెషిన్ మీదికి మారతారు. ఇలా 5 రౌండ్లు, మొత్తం 15 నిమిషాలు. పొద్దున్నే జిమ్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది ఈ తరహా ఇంటర్వల్ వ్యాయామం చూసే ఉంటారు. చేసినవాళ్లూ ఉంటారు. చేసి, భుజాలు పట్టేసి, నడుం నొప్పి పుట్టి మానేసినవాళ్లు కూడా ఉంటారు. ముఖ్యంగా వాళ్లకి చేరాలని ఈ నాలుగు మాటలు.

ఎందుకంటే ఈ వ్యాయామాన్ని చాలామంది చేతుల పని అనుకుంటారు. లాగేది చేతులతో, ఎత్తేది చేతులతో కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ రోయింగ్ అయినా, బరువు తలపైకి నెట్టడమైనా, మొదలుపెట్టాల్సింది కాళ్లు. చేతులు చివర్లో వచ్చి ముగిస్తాయి, అంతే. ఈ వరస నిలబెట్టుకున్నవాళ్లకి 15 నిమిషాలూ లాభమే. వరస తప్పినవాళ్లు ఆ భారమంతా భుజం మీదా, నడుం మీదా వేసుకుంటారు.

ముందు ఇది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 2000లో గ్రెగ్ గ్లాస్‌మన్, లారెన్ జెనై కాలిఫోర్నియాలో క్రాస్‌ఫిట్ అనే సంస్థ పెట్టారు. బరువులు ఎత్తడం, పరుగు, రోయింగ్, జిమ్నాస్టిక్స్ అన్నీ కలిపి, గడియారం పెట్టుకుని, గుంపుగా చేయించడం వాళ్ల పద్ధతి. ఆ పద్ధతిలో బాగా పేరుపడ్డ వ్యాయామం ఒకటుంది. హవాయికి చెందిన బి.జె. పెన్ అనే పోరాట క్రీడాకారుడి కోసం తయారుచేశారు దాన్ని. యూఎఫ్‌సీ పోటీల్లో 2004లో వెల్టర్ వెయిట్, 2008లో లైట్ వెయిట్ టైటిల్ గెలిచిన మనిషి పెన్. ఆ వ్యాయామం అయ్యాక, బరిలో పోరుతో పోలిస్తే ఎలా ఉందని అడిగితే, పోరు బెడిసికొట్టినట్టుందని చెప్పాడట. అప్పటి నుంచి ‘ఫైట్ గాన్ బ్యాడ్’ అన్నదే దాని పేరు.

దాని అమరిక చూడండి. యూఎఫ్‌సీ పోరులో ఒక్కో రౌండు 5 నిమిషాలు, మధ్యలో నిమిషం విరామం. ఇదీ అచ్చం అంతే. బరువైన బంతిని గోడ మీద 10 అడుగుల ఎత్తుకి విసరడం ఒక నిమిషం. బార్‌ని నేల మీంచి గడ్డం దాకా లాగడం ఒక నిమిషం. 20 అంగుళాల పెట్టె మీదికి గెంతడం ఒక నిమిషం. 75 పౌండ్లు, అంటే 34 కిలోల బార్‌ని తలపైకి నెట్టడం ఒక నిమిషం. ఆఖర్న రోయింగ్ ఒక నిమిషం. అప్పుడు నిమిషం విశ్రాంతి. ఇలాంటివి మూడు రౌండ్లు, విరామాలతో కలిపి 17 నిమిషాలు. ఎన్నిసార్లు ఎత్తితే అన్ని పాయింట్లు. రోయింగ్‌లో మెషిన్ చూపించే ఒక్కో క్యాలరీకి ఒక్కో పాయింటు.

పూర్తి ఫైట్ గాన్ బ్యాడ్‌ని కొత్తవాళ్లకి నేను సిఫారసు చెయ్యను. దాని చివరి రెండు అంశాలు, అంటే బార్‌ని తలపైకి నెట్టడం, రోయింగ్, ఈ రెంటినీ తీసుకుని విశ్రాంతి కలిపితే మనం ఇందాక చెప్పుకున్న 15 నిమిషాల వ్యాయామం తయారవుతుంది. మామూలు మనిషికి ఆ రెండూ చాలు.

ఈ రెండు పనుల చరిత్రలోనూ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ప్రస్తావన వస్తుంది. ఆ ఏడాది అమెరికా తరఫున రోయింగ్‌లో పాల్గొన్నవాళ్లలో డిక్ డ్రైసిగేకర్ ఒకడు. తర్వాత తమ్ముడు పీట్‌తో కలిసి కాన్సెప్ట్2 అనే కంపెనీ పెట్టి, ముందు పడవ తెడ్లు తయారుచేశాడు. చలికాలంలో నీళ్లు గడ్డకట్టే వెర్మాంట్ రాష్ట్రం వాళ్లది. పడవ దింపలేని నెలల్లో సాధన ఎలాగన్న ప్రశ్నకి సైకిల్ చక్రం వాడి 1981లో ఒక మెషిన్ చేశారు. ఇవాళ మన జిమ్ముల్లో కనిపించే రోయింగ్ మెషిన్లకి పూర్వీకురాలు అదే.

ఆ మ్యూనిక్‌తోనే వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రెస్ అనే అంశం ముగిసిపోయింది. అప్పటిదాకా ఒలింపిక్స్‌లో మూడు అంశాలు ఉండేవి: ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్. ప్రెస్‌లో బార్‌ని భుజాల మీంచి పైకి నెట్టేటప్పుడు మోకాళ్లు వంచకూడదు, కాళ్ల సాయం తీసుకోకూడదు. మరి అంత బరువు చేతులతోనే పైకి లేస్తుందా? లేవదు. అందుకని లిఫ్టర్లు నడుం వెనక్కి విల్లులా వంచి ఛాతీ బలం వాడుకోవడం మొదలుపెట్టారు. ఎంత వంగితే తప్పు, ఎంత వంగితే ఒప్పు అన్నది జడ్జిలు తేల్చలేకపోయారు. నడుములకీ ప్రమాదమే. మ్యూనిక్ తర్వాత ఆ అంశాన్నే తీసేశారు. ప్రపంచంలోకెల్లా బలవంతుల అనుభవం చెప్పేది ఇదే: కాళ్లని పక్కన పెడితే ఆ బరువు నడుం మీద పడుతుంది.

అదే జెర్క్‌లో కాళ్లదే రాజ్యం. మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ ఆమె. 130 కిలోలంటే ఆమె పోటీ చేసిన విభాగం బరువుకి ఇంచుమించు రెట్టింపు. అంత బరువుని భుజాలు, చేతులు నెట్టలేవు. మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక్క ఉదుటున నేలని తన్ని, బార్ లేచిన ఆ క్షణంలో పాదాలు ముందుకీ వెనక్కీ చాపి దాని కిందికి దూరాలి. ఆ పోటీ వీడియో దొరికితే మళ్లీ చూడండి. ఈసారి చేతుల్ని కాకుండా మోకాళ్లని చూడండి.

మనం చేసేది అంత పెద్ద పని కాదు. దాని చిన్న రూపం, పుష్ ప్రెస్. బార్‌ని మెడ ముందు, భుజాల మీద ఆనించుకోవాలి. మోచేతులు బార్‌కి కాస్త ముందుకి ఉండాలి. పాదాలు నడుం వెడల్పున, మడమలు నేలని అంటి ఉండాలి. వీపు నిటారుగా ఉంచి మోకాళ్లు బెత్తెడు వంచి, వెంటనే నేలని తన్నాలి. ఆ తన్నుకి బార్ నుదుటి దాకా దానంతటదే లేస్తుంది. అక్కడి నుంచి చేతులు అందుకుని పైకి చాపాలి. మార్కెట్ యార్డులో హమాలీ బస్తా తలకెత్తుకునే తీరు గమనించారా? మోకాళ్లతో చిన్న ఊపు ఇచ్చి, బస్తా తేలికైన క్షణంలో పైకి అందుకుంటాడు. పుష్ ప్రెస్ సూత్రం కూడా అదే. బార్ పైకి చేరాక తల రెండు చేతుల మధ్య నుంచి కొద్దిగా ముందుకి రావాలి. కడుపు బిగించి ఉంచాలి. పక్క నుంచి చూస్తే బార్, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలి. బార్ ముఖం కన్నా ముందు ఉండిపోతే ఆ గీత తప్పినట్టే.

రోయింగ్‌లోనూ ఇదే వరస, కాకపోతే కూర్చుని. సీటు ముందుకి వచ్చినప్పుడు ముంగాళ్లు నిలువుగా, చేతులు చాచి, ఒళ్లు కొద్దిగా ముందుకి వంచి ఉంటారు. అక్కడ మొదట చెయ్యాల్సింది లాగడం కాదు, పాదాల కింది పలకని తన్నడం. కాళ్లు దాదాపు చాపుకున్నాకే ఒళ్లు వెనక్కి వాలుతుంది. ఒళ్లు వాలాకే చేతులు పిడిని పక్కటెముకల కింది అంచు దాకా తెస్తాయి. స్థూలంగా బలంలో 60 వంతులు కాళ్లవి, 30 నడుం, వీపులవి, 10 చేతులవి అని కోచ్‌లు చెప్పే లెక్క. ముందుకి వచ్చేటప్పుడు ఇదే వరస తిరగబడాలి: మొదట చేతులు, తర్వాత ఒళ్లు, ఆఖర్న మోకాళ్లు.

కొత్తవాళ్లు తప్పేది ఈ తిరుగు ప్రయాణంలోనే. చేతులు ఇంకా పొట్ట దగ్గరే ఉండగా మోకాళ్లు పైకి లేస్తాయి. అప్పుడు పిడిని మోకాళ్ల మీంచి దాటించాలి కాబట్టి గొలుసు మధ్యలో గోపురంలా లేస్తుంది. మీరు సరిగ్గా చేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి అద్దం అక్కర్లేదు, గొలుసు చూసుకుంటే చాలు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అది నేలకి సమాంతరంగా, ఒకే ఎత్తులో కదలాలి. వెనక్కి వేగంగా తన్నండి, ముందుకి నింపాదిగా రండి. తన్నడానికి ఒక లెక్క పడితే, రావడానికి రెండు లెక్కలు పట్టాలి. నిమిషానికి 24 నుంచి 28 లాగుళ్లు చాలు.

మెషిన్ పక్కన 1 నుంచి 10 అంకెలున్న చిన్న మీట ఉంటుంది. దాన్ని చూడగానే 10 మీద పెట్టేవాళ్లు ఎక్కువ. అది కష్టాన్ని నిర్ణయించే మీట కాదు. ఫ్యాన్ చక్రంలోకి ఎంత గాలి వెళ్లాలో చెప్పే మీట. గాలి ఎక్కువైతే చక్రం లాగుడుకీ లాగుడుకీ మధ్య బాగా నెమ్మదిస్తుంది, ప్రతిసారీ దాన్ని మళ్లీ కొత్తగా లేపాలి. ఆ భారం నడుం మీద పడుతుంది. 3 నుంచి 5 మధ్య పెట్టుకోండి. కష్టం ఎంత ఉండాలో మీ కాళ్లు నిర్ణయిస్తాయి. ఎంత గట్టిగా తన్నితే గాలి అంతగా ఎదురు తిరుగుతుంది.

తెర మీద కనిపించే అంకెల్లో ఒక సంగతి దాగి ఉంది. దాన్ని ఎవరూ వివరంగా చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం. 500 మీటర్లు రెండున్నర నిమిషాల్లో వెళ్లే వేగానికి సుమారు 104 వాట్ల శక్తి కావాలి. అదే 500 మీటర్లు రెండు నిమిషాల్లో వెళ్లాలంటే సుమారు 202 వాట్లు కావాలి. వేగం నాలుగో వంతు పెరిగింది, శక్తి దాదాపు రెట్టింపయింది. మరి ఆ శ్రమకి తెర మీద ఎన్ని క్యాలరీలు పడతాయి? మొదటి వేగంలో నిమిషానికి 11 దాకా, రెండో వేగంలో 16 పైన. అంటే రెట్టింపు శక్తి ఖర్చుపెడితే అదనంగా చేతికొచ్చేది అయిదారు పాయింట్లు. ఆ అయిదారు కోసం మొదటి రౌండులోనే ఒళ్లు హూనం చేసుకుంటే, వెంటనే వచ్చే బార్ దగ్గర పదేసి పాయింట్లు పోతాయి. అందుకని మొదటి రౌండు రోయింగ్‌ని పక్కవాళ్లతో రెండు ముక్కలు మాట్లాడగలిగేలా చెయ్యండి. ఐదో రౌండులో మాట్లాడలేకపోయినా ఫర్వాలేదు.

రోయింగ్‌నీ పుష్ ప్రెస్‌నీ ఎందుకు కలపాలి? పరుగూ రోయింగూ కలపొచ్చు కదా? కలపొచ్చు. కానీ ఈ జోడీలో ఒక సౌకర్యం ఉంది. రోయింగ్ లాగుడు పని: వీపు, భుజాల వెనక భాగం, మోచేతిని ముడిచే కండరాలు పనిచేస్తాయి. పుష్ ప్రెస్ నెట్టుడు పని: భుజాల ముందు భాగం, మోచేతిని చాపే కండరాలు పనిచేస్తాయి. ఒక జట్టు పనిచేస్తుంటే రెండోది తేరుకుంటుంది. కాళ్లకి మాత్రం రెండు చోట్లా పనే, గుండెకీ పనే. బరువులు మాత్రమే ఎత్తితే గుండెకి ఇంత సాధన దొరకదు. రోయింగ్ ఒక్కటే చేస్తే తలపైకి ఎత్తే బలం రాదు. అటక మీది ట్రంకుపెట్టె దించాలన్నా, రైల్లో పై బెర్త్ మీదికి సూట్‌కేసు ఎక్కించాలన్నా కావలసింది ఆ బలమే. వయసు మీదపడుతున్నకొద్దీ మొదట పోయేవాటిలో అదొకటి.

ఇక నిమిషం విశ్రాంతి సంగతి. కండరంలో తక్షణ అవసరానికి నిల్వ ఉండే ఇంధనం ఒకటుంది, క్రియాటిన్ ఫాస్ఫేట్ అంటారు. గట్టి శ్రమలో అది సెకన్లలో కరిగిపోతుంది. ఆగితే, ఖర్చయినదాంట్లో సగం దాకా అర నిమిషంలో తిరిగొస్తుంది, పూర్తిగా రావడానికి మూడు నిమిషాలైనా పడుతుంది. మనం ఇచ్చేది నిమిషం. అంటే ప్రతి రౌండులోనూ కొంత అప్పుతోనే మళ్లీ మొదలుపెడుతున్నాం. ఇంటర్వల్ వ్యాయామంలో ఉన్న శిక్షణ ఆ అప్పులోనే ఉంది. కాబట్టి ఆ నిమిషాన్ని ఫోన్ చూడ్డానికి వాడకండి. కూలబడకండి కూడా. నడవండి, ముక్కుతో పీల్చి నోటితో నిదానంగా వదలండి.

మూడో రౌండు దగ్గర ఏ జిమ్‌లోనైనా వినిపించే మాటలు ఉంటాయి. “అన్నా, చేతులు పోతున్నాయన్నా” అంటుంది మెషిన్ మీదున్నావిడ. “చేతులు కాదక్కా, కాళ్లతో తన్నండి. పిడి ఊరికే పట్టుకోండి, పిసకకండి” అంటాడు కోచ్. మంచి కోచ్ అని నేను గుర్తుపట్టేది ఇక్కడే. అరిచి ఊపు తెప్పించడం ఎవరైనా చేస్తారు. అలిసిపోయిన మనిషికి తిరిగి కాళ్లు గుర్తుచేసేవాడు కావాలి. బార్ దగ్గర కూడా అంతే. మోకాళ్లు వంచడం మరిచిపోయి, నడుం వెనక్కి విరిచి బార్‌ని గుంజుతున్నారంటే, నిమిషంలో ఇంకా 20 సెకన్లు మిగిలున్నా సరే, ఆ మనిషి చేత బార్ కింద పెట్టించాలి. మిగతా సెకన్లు ఊపిరి తీసుకోనివ్వాలి. పోయేది రెండు పాయింట్లే.

గుంపుగా చెయ్యడంలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. నిమిషం అందరికీ ఒకటే, బరువు మాత్రం ఎవరిది వారిది. 25 ఏళ్ల కుర్రాడు 30 కిలోల బార్‌తో, అతని పక్కనే 55 ఏళ్ల అత్తయ్య మూడేసి కిలోల డంబెల్స్‌తో, ఒకే కూతకి మొదలుపెట్టి ఒకే కూతకి ఆపుతారు. ఎవరి కోసం ఎవరూ ఆగనక్కర్లేదు. పరుగులో ఇది కుదరదు, ఒకరు ముందు, ఒకరు వెనక అయిపోతారు. పైగా ముగ్గురికి ఒక మెషిన్, ఒక బార్ ఉంటే చాలు. చిన్న జిమ్ములకి, పోలీసు క్వార్టర్లలోని వ్యాయామశాలలకి, కాలేజీలకి ఇది చిన్న విషయం కాదు. ఒక్క మెషిన్ ఉన్న చోట కూడా ముగ్గురికి పావుగంటలో పని ముగుస్తుంది.

అయితే గుంపుతో ఒక చిక్కూ ఉంది. జిమ్ గోడ మీది బోర్డులో పేర్ల పక్కన పాయింట్లు రాస్తారు. నా మటుకు నేను పాయింట్ల కన్నా ముందు బరువు రాయమంటాను. దాని పక్కన మొదటి రౌండు లెక్క, ఐదో రౌండు లెక్క రాయమంటాను. మొత్తం ఎంతన్నది ఆఖరి మాట. మొదటి రౌండులో 20 ఎత్తి ఐదో రౌండులో 7 ఎత్తినవాళ్ల కన్నా, ఐదు రౌండ్లలోనూ 12 చొప్పున ఎత్తినవాళ్లు మంచి సాధన చేశారు. బోర్డు మీద అది కనిపించాలి.

బరువు ఎంచుకోవడం ఎలా? తాజాగా ఉన్నప్పుడు ఆపకుండా 20 సార్లు ఎత్తగలిగే బరువు తీసుకుని, నిమిషానికి 10, 12 దగ్గర ఆపండి. మగవాళ్ల ఒలింపిక్ బార్ ఖాళీగానే 20 కిలోలుంటుంది, ఆడవాళ్లది 15. చాలామందికి ఖాళీ బారే ఎక్కువ. డంబెల్స్‌తో మొదలుపెట్టడం చిన్నతనమేమీ కాదు. దానికన్నా ముందు ఒక పరీక్ష. గోడకి వీపు ఆనించి నిలబడి, నడుం గోడ నుంచి ఎడం కాకుండా, చేతులు చాచి పైకి ఎత్తండి. బొటనవేళ్లు గోడని తాకితే భుజాలు సిద్ధంగా ఉన్నట్టు. తాకకపోతే, నడుం ఎగదన్నితే, ఇప్పుడే తలపైకి బరువు వద్దు. కొన్ని వారాలు భుజాలు సాగదీసే వ్యాయామాలు చేస్తూ, తలపైకి ఎత్తే బదులు కెటిల్‌బెల్ గుండెలకి హత్తుకుని గుంజీలు తియ్యండి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లలో ఈ పరీక్ష తప్పేవాళ్లు బాగా కనిపిస్తారు.

బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా దీని జోలికి వెళ్లొద్దు. ఊపిరి బిగబట్టి బరువు తలపైకి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. బార్ పైకి వెళ్లేటప్పుడు గాలి వదలండి. కళ్లు తిరిగినా, ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆ రోజుకి అక్కడితో ఆపండి. ఛాతీ నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి, ఇంట్లో ఆగకూడదు. ఇంకొకటి, దీని గురించి మన జిమ్ముల్లో సరిగా చెప్పరు. అలవాటు లేని ఒంటితో మొదటి రోజే విపరీతంగా శ్రమపడితే కండరం దెబ్బతిని, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాల మీద పడతాయి. మర్నాడో ఆ మర్నాడో కండరాలు వాచి, భరించలేని నొప్పితో మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే, అది మామూలు ఒళ్లునొప్పి కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎండాకాలంలో, గాలి ఆడని గదుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామునే ముగించుకోండి.

కొత్తవాళ్లు 3 రౌండ్లతో మొదలుపెట్టండి. వారానికి రెండుసార్లు చాలు, మధ్యలో కనీసం రెండు రోజులు ఎడం ఉండాలి. ముందు ఓ పది నిమిషాలు వామప్: నెమ్మదిగా రోయింగ్, ఖాళీ చేతులతో పుష్ ప్రెస్ కదలికలు, భుజాలు తిప్పడం. ఆఖరి రౌండు లెక్క మొదటి రౌండు లెక్కకి ఒకటి రెండు తేడాలో ఉంటే, వచ్చే వారం ఒక రౌండు పెంచండి. 5 రౌండ్లకి చేరాక, అప్పుడు బరువు ఒకటి రెండు కిలోలు పెంచండి. రౌండ్లూ బరువూ రెండూ ఒకే వారంలో పెంచొద్దు. రోయింగ్‌లో వేగం పెంచాలనుకుంటే అది ఇంకో వారం.